కుంకుమ అంటిన ల్యాప్‌టాప్

నాయనా,

నువ్వు పోయాక నీ కూతుర్ని నేను చీరల అంచులకు డిజైన్లు నీ ల్యాప్‌టాప్‌లోనే గీస్తున్నాను. ఇవాళ ధర్మవరంలో ఒక రిపేరు అంగట్లో దాన్ని చెత్త అన్నారు. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఇకమీదట నడవాలంటే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కాలట, అది ఎక్కాలంటే లోపలి సెక్యూరిటీ చిప్ కొత్త రకంది కావాలట. లేకపోతే యంత్రాన్ని నమ్మరట. ఇన్నేళ్లు మనకు అన్నం పెట్టినదాన్ని నమ్మకపోవడానికి వీళ్లెవరు?

“పారేసి కొత్తది తీసుకోక్కా,” అన్నాడు అంగడతను.

“ఒక చెక్క విరిగిందని మగ్గమంతా పారేస్తామా అన్నా? యాడ చెడిందో ఆడ బాగుచేసుకుంటాం. చిప్ సంగతి చూడు.”

గొణుక్కుంటూ వెతికాడు. ఆ చిప్‌ను కొత్త రకానికి మార్చే ఫైలు కంపెనీవాళ్లే ఎప్పుడో ఇచ్చారట. మనకు చెప్పిన పాపాన పోలేదు.

“చేస్తా గానీ, అందులో ఉండే వేలిముద్ర పోతాదక్కా.”

ఆ వేలిముద్ర నీదే. పని ఆగకూడదని చేయమన్నాను.

పోయిన ఆయుధపూజకు మగ్గంతో పాటు దీనికీ బొట్టు పెట్టావు, అదీ సరిగ్గా వేలు ఆనించే చోట. మర్నాడు అది తెరుచుకోకపోతే, “నా వేలే తెలీదంటాండాది, ఏమప్పా ఇది,” అని దాన్నే తిట్టావు. పూజబొట్టు తుడవకూడదని పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చున్నావు.

చిప్ మారింది, కొత్త సిస్టమ్ ఎక్కింది. అతను స్పిరిట్‌లో దూది ముంచాడు.

“ఈడ మురికి ఉండాదక్కా. తుడిస్తే నీ వేలు పెట్టుకోవచ్చు.”

“దాని మీద చెయ్యి పడనీకు,” అని లాక్కున్నాను. అంగడంతా నన్నే చూసింది. చూడనీ.

చిప్‌లో నీ వేలిముద్ర పోయింది. ఎండిన కుంకుమలో గీతలతో సహా ఉంది. నేనూ పాస్‌వర్డే కొట్టుకుంటాను.