వచ్చినదాని పాట

హనెజావా,
మే నెల

సవాకో,

ఫోన్ చేయమని ఎన్నిసార్లు కబురు పెట్టావో. ఫోన్లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. హాస్టల్లో పక్క మంచం మీదున్న నీకే చీటీలు రాసి అందించినదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

మీ లైబ్రరీలో ఖాళీ ఉందన్నావు కదా. వస్తాను. ఇక్కడ నాట్లు అవగానే మీ సెందాయ్ బస్సు ఎక్కుతాను. కారణం నువ్వు అడగకుండా ఉండవు. అక్కడ పుస్తకాలు ఎక్కువని చెప్పొచ్చు, కానీ నీకు అబద్ధం రాయలేను. ఒక మనిషిని చూసి ఓర్వలేక ఊరొదిలి వస్తున్నాను.

ఆమె పేరు నగిసా. ఒసాకా మనిషి. మూడేళ్ళ కిందట మా వాగు అవతల ఖాళీ పడిన ఇంట్లో అద్దెకు దిగింది. గిటారు వాయిస్తుంది. మా ఊరి మీద పాటలు కడుతుంది. ఆ పాటల్లో మా కొండ ఉంది, మా వాగు ఉంది, మంచు కింది నుంచి తవ్వి తీసిన ముల్లంగి తీపి ఉంది. ఆదివారాలు రోడ్డు పక్క కూరగాయల అంగడి ముందు పాడుతుంది. కార్లు ఆపుకుని మరీ వింటారు. మా వాళ్ళయితే తమ ఊరిని అప్పుడే చూసినట్టు తలలూపుతారు.

మొన్న పక్కింటి షిగెజో తాత నన్ను ఆపాడు. "ఏమే తమాకీ, ఆ పిల్ల పాట విన్నావా? కళ్ళమ్మట నీళ్ళొచ్చాయనుకో. నువ్వూ ఉన్నావు, అంత చదువు చదివి, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు!"

"కళ్ళకి మందు వేయించుకో తాతా," అన్నాను.

"ఆఁ? ఏమన్నావు?"

"ఏం లేదు తాతా. బాగుందన్నాను."

నువ్వే చెప్పు. పొలాల్లోకి నీళ్ళు వదిలిన సాయంత్రం కొండ తలకిందులై మా గుమ్మం ముందు పడుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఏటా దాన్ని చూస్తున్నాను. గుండె నిండిపోతుంది. ఒక్క మాట కూడా ఎవరితోనూ అనలేదు. ఆమె వచ్చిన మొదటి వసంతంలోనే దాని మీద పాట కట్టేసింది. పాట బాగుంది. అదే నా బాధ. చెత్తగా ఉంటే హాయిగా నవ్వుకునేదాన్ని. నాకు మొగుడు లేడు కానీ, మొగుణ్ణి ఎవరో నా కళ్ళముందే ఎగరేసుకుపోతే ఇలాగే ఉంటుందేమో.

ఇదంతా ఓర్చుకునేదాన్నే. ఓర్వలేనిది ఇంకొకటి జరిగింది. మా నాన్నమ్మకి పాత నాట్ల పాట వచ్చు. పొలాల్లోకి యంత్రాలొచ్చాక దాన్ని ఎవరూ పాడలేదు. చిన్నప్పుడు నేర్పమని కొంగు పట్టుకుని తిరిగితే "నీకెందుకే అది?" అని తోసేసింది. పోయిన వారం నేను పని నుంచి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో ఇద్దరూ కూరకి కోసిన కొండ చిగుళ్ళు ముందేసుకుని కూర్చున్నారు. నాన్నమ్మ పాడుతోంది. నగిసా వెనకే అంటోంది.

"అలా కాదే. గొంతు నడుంలోంచి రావాలి. వంగి పాడే పాట ఇది."

"వంగితే ఊపిరాడట్లేదు నాన్నమ్మా!"

"ఆడదు. అందుకే పాడతారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె నా నాన్నమ్మని నాన్నమ్మా అంది. నేను చెప్పుల చప్పుడు కాకుండా వెనక దారిన లోపలికి పోయాను.

అసూయ మహాపాపమని మన హాస్టల్ సిస్టర్ ఆగ్నెస్ చెప్పినప్పుడు, మనకు లేనిదాన్ని చూసి కుళ్ళుకోవడమే అసూయ అనుకున్నాను. నాది నా దగ్గరే ఉండగా కూడా ఇంత మండుతుందని ఆవిడ చెప్పలేదు.

గది ఏదైనా చూసి పెట్టు. కిటికీలోంచి కొండ కనపడకపోయినా ఫరవాలేదు.

నీ తమాకి


హనెజావా,
జూన్ నెల

సవాకో,

గది చూశావా? చూసి ఉంటే నన్ను తిట్టుకో. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాట్లకు ముందురోజు పొద్దున్నే నాన్నమ్మని అడిగేశాను. "ఆమెకి నేర్పావు. నాకెందుకు నేర్పలేదు?" చిన్నపిల్లలా ఉన్నానని నాకే తెలుస్తోంది.

"నువ్వు ఈ ఊరి ఆడపిల్లవి కదే. అది వచ్చినదాని పాట," అంది.

మా ఊరి పద్ధతట. బయటి నుంచి వచ్చిన కోడలికి అత్త నేర్పుతుంది. నాన్నమ్మ కనుమ అవతలి సముద్రపు ఊరి మనిషి. వచ్చిన కొత్తలో అలల చప్పుడు లేక నిద్ర పట్టేది కాదట, ఏడ్చేదట. "కోడలైనా కాకపోయినా, ఏడ్చేదానికి ఇస్తారే ఆ పాట. పాడగా పాడగా ఈ కొండ తనదవుతుంది. నువ్వెప్పుడు ఏడ్చావు ఇక్కడ?"

"ఇప్పుడు ఏడుస్తున్నాను కదా!"

నాన్నమ్మ చేతిలో పని ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ పిల్లని చూసి ఏడుపా?"

తలూపాను.

"కుళ్ళా?"

"కుళ్ళే."

ఆవిడ మొహం వెలిగిపోయింది సవాకో! "మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే? నీ వంతు వేరే ఉంది, పిచ్చిదానా. నువ్వు పుస్తకాల్లో తల దూర్చుకుని మురిసిపోతున్నావనుకున్నాను."

ఆ పాట ఒకరు పాడేది కాదట. వచ్చినది ఊరిని పొగుడుతూ ఒక చరణం అంటుంది. గట్టు మీద నుంచి ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల దాన్ని ఎత్తిపొడుస్తూ జవాబు చెప్పాలి. జవాబుకి మాటలంటూ ఏమీ ఉండవు, అప్పటికప్పుడు పుట్టించాలి. జవాబు రాకపోతే రెండో చరణం లేదు. "నా ఆడపడుచు నన్ను చేపల కంపుదానా అనేది. ఎంత కుళ్ళు దానికి! దాని నోటికి జడిసి నాట్లు చకచకా అయిపోయేవి. మీ ఈడు పిల్లలందరూ పట్నాలు పట్టిపోయారు. నువ్వొక్కదానివే మిగిలావు. నువ్వేమో నోరు తెరవవు," అంది.

మర్నాడు గుడి మడి దగ్గర ఊరంతా చేరింది. ఇప్పటికీ చేత్తో నాటేది ఆ ఒక్క మడే. నగిసా మోకాళ్ళ లోతు బురదలో దిగి, వంగి, మొదటి చరణం పాడింది. నీళ్ళలో పడుకున్న కొండ మీద. నా కొండ మీద. పాడి ఆగింది.

కప్పలు మాత్రం అరుస్తున్నాయి. నేను నోరు తెరవకపోతే పాట అక్కడే చచ్చిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నమ్మకి తెలుసు, బురదలో నిలబడిన ఆమెకీ తెలుసు. ఆ నిశ్శబ్దం ఎంత తీపిగా ఉందో నీకొక్కదానికే చెప్తున్నాను. ఇంకాసేపు ఉండనిచ్చాను.

ఆమె నారు కట్ట పట్టుకునే గట్టు దాకా వచ్చింది. "తమాకి గారూ, ఏదో ఒకటి అనండి," అంది మెల్లగా. "మూడేళ్ళయింది. ఇప్పటికీ అందరూ 'ఎప్పుడు వెళ్తావమ్మా?' అని ఎంతో మర్యాదగా అడుగుతారు. మిమ్మల్ని ఎవరైనా అడిగారా ఆ మాట? మీరు నోరు విప్పకపోయినా మీరు ఇక్కడివాళ్ళే. నేను పాట ఆపితే మర్నాటికి ఎవరినీ కాను. మిమ్మల్ని చూస్తే ఎంత మండుతుందో నాకు! నన్ను ఒక్కసారి తిట్టండి. ఈ ఊళ్ళో నన్నెవరూ తిట్టరు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది:

*కొండ కొండని పాడుతావు, కొండ పేరు తెలుసునా?*
*మంచు తోసి మా గుమ్మంలో పోసిపోయినదానా!*

షిగెజో తాత నవ్వి నవ్వి గట్టు మీద నుంచి జారాడు. అది నిజంగా జరిగిందే. మొదటి చలికాలం ఆమె తన వాకిలి శుభ్రం చేసి మంచునంతా వాగు మీది వంతెన దాటించి మా గుమ్మంలో పోసింది. అందరం మర్యాదగా ఊరుకున్నాం. నగిసా మొహం ఎర్రబడింది, తర్వాత విచ్చుకుంది. వంగి, నడుంలోంచి అందుకుంది:

*గుమ్మంలోని మంచు కరిగి మీ మడికే పారలేదా?*
*తడి తాగి, తోవ మరిచి, మూతి ముడుచుకున్నదానా!*

గారూ గీరూ ఎగిరిపోయింది. నేను ఊరుకుంటానా?

*నీళ్ళు మావి, మడి మాది, నడుమ నీ గొప్పేమిటే?*
*తీగ మీటు గోళ్ళలోన నారు మొక్క నిలవదే!*

నాట్లు అయ్యేదాకా సాగింది. మూడేళ్ళుగా లోపల పేర్చుకున్నవన్నీ వరసగా వచ్చాయి. చివర్లో మాట దొరక్క తడబడింది నేనే. వెక్కిరింతలకి పేరుపడ్డ ఒసాకా నోరు కదా ఆమెది. ఊరంతా ఆమెకి చప్పట్లు కొట్టింది. నాన్నమ్మ కూడా.

కాబట్టి సవాకో, కుళ్ళు తగ్గిందనుకోకు, పెరిగింది. కానీ ఇప్పుడు దానికి పనుంది. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇప్పించు. నిన్న చెప్పలేకపోయిన జవాబులన్నీ ఇవాళ పొద్దుటి నుంచి తడుతున్నాయి. వాగు అవతల ఆమె గిటారు సవరిస్తోంది. నేను వెళ్ళి కిటికీ తీసి ఒక మాట అనాలి.

కుళ్ళుబోతు,
తమాకి