నువ్వుల్లో విచ్చిన మల్లెలు

శుక్రవారం, రాత్రి

ఇల్లంతా మల్లెల వాసన. ఫ్యాను గాలి మీదికి వచ్చినప్పుడల్లా కలలోకి వెళ్లి వస్తున్నట్టుంది.

ఎండాకాలం అత్తరు ఈసారి కుదిరింది. పోయినేడు విచ్చిన పూలు నువ్వుల్లో పరిచి పాడుచేశాను. మామయ్య పోయిన ఈ ఆరేళ్లలో పూలు ముట్టని అత్తమ్మే ఈసారి పక్కన కూర్చుంది. "మొగ్గలు వెయ్యాలె బిడ్డా. రాత్రికి నువ్వులల్లనే విచ్చుకోవాలె," అంది. పది రోజులు సాయంత్రం కాగానే ఇద్దరం కొత్త మొగ్గలు పరిచాం. ఇవాళ ఆ నువ్వులను పద్మారావు నగర్‌లో గానుగ ఆడించి నూనె తెచ్చాను.

చిన్న సీసాలో పోసి ఆమె చేతిలో పెట్టాను. "జెర రాసుకోండ్రి అత్తమ్మా," అన్నాను. ఆమె మూత తీసి, మళ్లీ పెట్టేసింది. నొప్పించానేమోనని భయం వేసింది.

"పువ్వయితే పెట్టుకోవద్దు గానీ, గిది నూనెనే గద," అని చెవి వెనక ఒక చుక్క రాసుకుంది. "ఎవరన్న అడిగితే తలనూనె అని చెప్త."

ఇందాక మంచినీళ్లకని హాల్లోకి వెళ్లాను. మామయ్య ఫొటో అద్దం మీద, సరిగ్గా ఆయన చెవి దగ్గర, ఒక నూనె వేలిముద్ర ఉంది.

రేపు దుమ్ము దులిపేటప్పుడు ఆ ఫొటో జోలికి పోను.