రెండో తాడు

ప్రియమైన టైలరమ్మకి,

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. మళ్ళీ ఆ పాత మిషన్‌కి తాడు కట్టి, లాన్ పైనుంచి కిందికి వదిలి గడ్డి కోశావా? ఆ వాలు మీద మనిషి నిలబడటమే గొప్ప. చివర గోడ ఉందన్న పేరే గానీ, అది మన నేలకి సమానంగా ఉంటుంది. అవతల నిలువెత్తు కింద రోడ్డు. అక్కడే బడి బస్సు కోసం పిల్లలు నిలబడతారు, వాళ్ళలో మన చిన్నదీ ఉంటుంది.

గడ్డి కోసే రోబో కొందాం. వాలు కోసం చేసిందే కావాలి. నాలుగు చక్రాలూ మోటారుతో తిరిగి తోసేది, చక్రాలకి లోతైన గాడులున్నది చూడు. రెండు చక్రాలే తోసేది ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోకు. ఆ తాడు మాత్రం ఈ రోజే చెత్తలో పడెయ్.

నేను క్రేన్ నడిపే ఈ దీవిలో ఫోన్ పలకదని తెలుసుగా. వెంటనే రాయి.

నీ క్రేనాయన


ప్రియమైన క్రేన్ దొరగారికి,

కోపం తగ్గించుకోండి, కాగితం అంటుకునేలా ఉంది.

మిషన్లు అమ్మే కొట్టాయన ఒక రోబోని తెచ్చి చూపించాడు. మన కుట్టు మిషనంత బరువుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వాలు మీదికి చకచకా ఎక్కేసింది. కానీ తోసే చక్రాలు రెండే. అదే అడిగితే, "ఇంతకంటే నిటారు చోట్ల కూడా ఎక్కిందమ్మా, నాది పూచీ" అన్నాడు. లాన్ చుట్టూ నేలలో హద్దు తీగ పాతి వెళ్ళాడు. మిషన్ దాన్ని దాటదట.

నాకెందుకో మనసొప్పడం లేదు. అలాగని నాలుగు చక్రాలది తెప్పించేసరికి వానలు మొదలవుతాయి, గడ్డి పెరిగి పురుగూ పుట్రా చేరుతుంది. గురువారం పొద్దున్నే వచ్చి ఇంకోసారి నడిపి చూపిస్తానన్నాడు. మీరేమంటారు?

తాడు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ టైలరమ్మ


ప్రియమైన మొండిదానికి,

గురువారం వద్దు. మిషన్ ఎక్కడం కాదు చూడాల్సింది, కిందికి దిగి హద్దు దగ్గర మలుపు తిరగడం. అక్కడ బరువంతా ఒక పక్కకి పోతుంది. పొద్దున గడ్డి తడిగా ఉంటుంది, రెండు చక్రాలకి పట్టు దొరకదు. ఆగమని తీగ చెప్తుంది సరే, జారేదాన్ని ఎవరాపుతారు? పైగా అది బస్సు వేళ.

ఈ ఉత్తరం సమయానికి అందుతుందో లేదో. నాకు భయంగా ఉంది. అందగానే ఒక్క ముక్క రాయి.

నీ ఆయన


ప్రియమైన నీకు,

టపా పడవ వస్తోంది, పోతోంది. నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. నిన్న బరువు గాల్లో ఉండగా ఒక మీటకి బదులు ఇంకోటి లాగాను. మేస్త్రీ నన్ను దింపేసి కూర్చోబెట్టాడు. ఇద్దరూ క్షేమమని రాయి చాలు. తిడుతూ రాసినా సరే.

నీ ఆయన


ప్రియమైన శ్రీవారికి,

అక్షరాలు చూసి కంగారుపడకండి, నేను చెబుతుంటే చిన్నది రాస్తోంది. నా అరచేతులు చెక్కుకుపోయాయి. సూది పట్టడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది.

మీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. పొద్దున్నే కొట్టాయన మిషన్ వదులుతుంటే నేను దాని వెనక పిడికి తాడు కట్టాను. "ఇదేమన్నా కుక్కపిల్లా అమ్మా?" అని పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు. ఎంత చిన్న బరువైనా ఆసరాగా రెండో తాడు లేకుండా ఎత్తనని ఇంటికొచ్చినప్పుడల్లా గొప్పలు చెప్పేది మీరు కాదూ?

మీరు రాసినట్టే మలుపులో జారింది. తీగ దాటింది, గోడ దాటింది. కింద చిన్నది వంగి బూటు లేసు కట్టుకుంటోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు తాడు బిగిసింది. మిషన్ గోడకి వేలాడుతుంటే కొట్టాయన పరుగెత్తుకొచ్చి పైకి లాగాడు. రెండో కొస పైన స్తంభానికి కట్టాను కాబట్టి నాకేం కాలేదు. తొందరపడి తాడు పట్టుకోబోయి చేతులు గీసుకున్నాను, అంతే.

నాలుగు చక్రాలది తెప్పిస్తున్నాను, అదీ పై భాగానికే. గోడ పక్క నిటారు చోట గడ్డి పీకించి, నేల మీద పాకే మొక్కలు వేయిస్తాను. అక్కడ ఇక ఏ మిషనూ తిరగక్కర్లేదు. తాడు మాత్రం పడెయ్యను. మళ్ళీ ఆ మాటెత్తకండి.

మీ టైలరమ్మ

నాన్నా, అమ్మ లోపలికెళ్ళింది, ఇది నేనే రాస్తున్నా. తాడు స్తంభం దాకా చాల్లేదు. అమ్మ నడుముకి కట్టుకుంది. మిషన్ అమ్మని గోడ దాకా ఈడ్చుకొచ్చింది. కింద నుంచి చూస్తే గోడ మీద అమ్మ మొహం ఒక్కటే కనబడింది. "పక్కకి జరగండే" అని అరిచింది. కొట్టాయన మిషన్ లాగేశాక నన్ను చూసి, "బస్సొచ్చింది, ఎక్కు" అంది.