ఆడియో డ్రైవరు లేడు

పర్యవేక్షణాధికారి గారికి,
ప్రజా పఠన మందిరాల విభాగం,
యానాం.

అయ్యా,

విషయం: కనకాలపేట పఠన మందిరపు కంప్యూటరు నిమిత్తం తమరు దయతో పంపిన ఆడియో డ్రైవరు శ్రీ లూయిస్ గారిని వెనక్కి పిలవకుండుట గురించి.

సదరు పఠన మందిరం గౌరవ కార్యదర్శి వీరభద్రరావు నమస్కరించి విన్నవించుకొనునది:

1. మా కంప్యూటరు పాతది. పాతదైనా ఇంతకాలం పేపరు చదివి వినిపించేది. చూపు పోయిన రిటైర్డు టీచరు సత్యవతమ్మ గారు రోజూ పొద్దున్నే వచ్చి, దాని పక్కన కుర్చీ వేయించుకుని వార్తలన్నీ వినేవారు. ఈమధ్య అది మరీ మొరాయిస్తోందని ఫార్మాట్ చేయించాము. అంతటితో దానికి మాట పడిపోయింది. తెర మూలన ఉండే స్పీకరు బొమ్మ మీద ఎర్రటి ఇంటూ మార్కు పడినది. సౌండు పెంచే, తగ్గించే మీట కనబడుటయే లేదు. స్పీకర్లు మార్చితిమి. వైరును ఉన్న కన్నాలన్నిటిలోనూ పెట్టి చూచితిమి. ఫలితం శూన్యము.

2. రిపేరు షాపు హేమశ్రీ గారు వచ్చి చూసి, స్పీకర్లు శుభ్రంగా ఉన్నాయనీ, పోయింది లోపలి ఆడియో డ్రైవరనీ, అది సౌండును నడిపే ప్రోగ్రామే తప్ప కంటికి కనబడే వస్తువు కాదనీ, కంప్యూటరుతో పాటు వచ్చిన పాత సీడీలో ఉంటుందనీ, ఆఫీసువాళ్లను అడగమనీ చెప్పారు. ఆ ప్రకారమే తమకు అర్జీ పెట్టుకున్నాను. అయితే అందులో ఒక అక్షరం తేడా వచ్చినది. 'మా కంప్యూటరుకు ఆడియో డ్రైవరు లేదు' అని రాయవలసినది. డ్రైవరును పట్టుకుని లేదు అనడానికి చెయ్యి రాక, మర్యాదగా 'లేడు' అని రాసితిని.

3. తమ కార్యాలయం మునుపెన్నడూ లేనంత చురుకుగా స్పందించినది. లూయిస్ గారు ఖాకీ చొక్కాతో, చేతిలో ఆర్డరుతో దిగారు. బండెక్కడండీ అని అడిగారు. నేను కంప్యూటరు చూపించాను. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సర్లెండి, డ్యూటీ డ్యూటీయేనండి" అని, గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టారు.

4. కొన్నాళ్లు ఆయన ఊరికే కూర్చున్నారు. ఒకరోజు సత్యవతమ్మ గారు వచ్చి పెట్టెకు నోరొచ్చిందా అని అడిగితే, లేదని చెప్పడానికి మొహమాటపడి, లూయిస్ గారు పేపరు తీసి తానే చదివేశారు. ఆయన చదవడం కూడా బండి నడిపినట్టే ఉంటుంది. కామా దగ్గర గేరు మారుస్తారు, వాక్యం చివర బ్రేకు వేస్తారు, హెడ్డింగు వస్తే హారను కొట్టినట్టు గొంతు పెంచుతారు. పోయిన సౌండు మీట కూడా దొరికినది. అది సత్యవతమ్మ గారి చేతిలో ఉన్నది. ఆవిడ బల్ల మీద ఒకసారి తడితే పెంచాలి, రెండుసార్లు తడితే తగ్గించాలి. ఆవిడ ఎరిగున్నవాళ్లు పోయారన్న కబురు పేపర్లో కనబడితే మాత్రం, ఎవరూ తట్టకుండానే ఆయన గొంతు తగ్గుతుంది. ఇప్పుడు మెట్టకూరు నుంచి కూడా వినడానికి వస్తున్నారు.

5. ఇంతలో తమ తాఖీదు అందినది. వాహనం లేని చోట డ్రైవరు ఉండరాదనీ, సోమవారం నుంచి ఆయన జీపు డ్యూటీకి రావలెననీ దాని సారాంశం. అయ్యా, అవసరమైతే మా కంప్యూటరునే వాహనంగా నమోదు చేసుకొనగలరు. స్టార్టింగు ట్రబులు ఉన్నది. వేడెక్కుతుంది. రొద చేస్తుంది. సగం దారిలో ఆగిపోతుంది. ఇంతకు మించి జీపులో ఏమున్నదో తమరే సెలవియ్యాలి.

6. ఈ సంగతి సత్యవతమ్మ గారికి ఇంకా చెప్పలేదు. ఆవిడ నాకు మూడో తరగతిలో తెలుగు చెప్పిన టీచరు. బెత్తం దెబ్బలు తిన్నప్పుడు కూడా నేనింత భయపడలేదు. ఆ పేపరు వినే కాసేపే ఆవిడకు రోజు మొత్తానికి వెలుతురు. అది తీసేస్తున్నామని ఏ నోటితో చెప్పను?

కనుక తమరు పెద్దమనసుతో చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట ఈ ఫైలును పుదుచ్చేరి పంపకుండా తమ సొరుగులోనే ఉంచవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వీరభద్రరావు

తా.క.: సంతకం పెట్టి కవరు అంటించబోతుండగా హేమశ్రీ గారు వచ్చి, ఎక్కడో వెతికి పట్టుకున్న పాత డ్రైవరును కంప్యూటరులోకి ఎక్కించేశారు. ఇంటూ మార్కు పోయింది, మీట వచ్చింది, పెట్టె గట్టిగా వార్తలు మొదలుపెట్టింది. లూయిస్ గారు టీకి వెళ్లి ఉన్నారు. సత్యవతమ్మ గారు కాసేపు విని, బల్ల మీద రెండుసార్లు తట్టారు. పెట్టె తగ్గలేదు. మళ్లీ తట్టారు. తగ్గలేదు. అప్పుడు నా వైపు తిరిగి అడిగారు.

"ఏరా భద్రం, మన డ్రైవరు లేడా?"

అయ్యా, ఆవిడ వ్యాకరణం తప్పే మనిషి కాదు. నా మొదటి అర్జీలో అక్షర దోషమేదీ లేదని దీనివలన గ్రహించగలరు. స్పీకరు వైరు పీకి జేబులో పెట్టుకున్నాను. తనిఖీకి ఎవరొచ్చినా నా జవాబు ఒక్కటే. సౌండు లేదు. డ్రైవరు ఉన్నాడు.