టీబీ కాదని చెప్పేశాను

తమ్ముడు సత్యానికి,

నా రాత కోడి గెలికినట్టుంటుందని నువ్వెప్పుడూ నవ్వేవాడివి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నిన్న బడి దగ్గర మీటింగు పెట్టారు. ఎయిడ్స్ గురించి నాటకాలు వేయించి, కిళ్లీ కొట్లో నిరోధ్‌లు పెట్టించి, నెలనెలా రక్తపరీక్షల వ్యాను పంపుతున్నవాళ్లే. వీటివల్ల ఊళ్లో ఏం మారిందో కనుక్కోవడానికి ఒకమ్మాయి వచ్చింది. ఏమీ మారలేదంటే వ్యాను ఆపేస్తారట.

క్షవరం చేసే అప్పారావు లేచి, "మనిషికో కొత్త బ్లేడు వేస్తున్నానండి. ఆ జబ్బున్నోళ్లకీ చేస్తున్నానండి" అన్నాడు.

"మరి మొన్న నాకు పాతదే వేశావు కదరా!" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

నాకు నీ గెడ్డం గుర్తొచ్చింది. కొబ్బరికాయల లోడు దింపి ఎంత దూరం నుంచి వచ్చినా, లారీ దిగగానే నున్నగా గీయించుకునేవాడివి. చివర్లో నువ్వు మంచం పట్టాక అప్పారావు రానంటే నేనే గీశాను. అక్కడక్కడా తెగింది. "కొబ్బరికాయ వలుస్తున్నావేంటి అన్నయ్యా!" అని నవ్వావు. ఎవరడిగినా టీబీ అనే చెప్పమని ఒట్టేయించుకున్నది కూడా ఆ రోజే.

నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదని నీకు తెలుసు. అయినా లేచాను. "మా తమ్ముడు పోయింది టీబీతో కాదండి, ఎయిడ్స్‌తోనండి. అప్పుడీ వ్యాను ఉంటే ముందే తెలిసేదండి. తీసేయకండి" అన్నాను.

అప్పారావు తల దించుకున్నాడు. ఆ అమ్మాయి, "ఉంచమనే రాస్తాను తాతగారూ" అంది.

ఒట్టు తప్పాను. నీకు కోపం వచ్చిందో లేదో వెంటనే జాబు రాయి.

నీ అన్నయ్య