పాట కిటికీ పక్కన నిలబడింది

ఆగస్టు 2, శనివారం

ఇవాళ నేనూ నా రూమ్మేట్ సుబ్బూ కలిసి రెండు స్పీకర్లు మోశాం. ఒక్కొక్కటి నాకంటే బరువు, నాకంటే అందం.

స్పీకర్లు సుందరరామయ్య అంకుల్‌వి. ఆయన మా ఇంటి ఓనరు. సిడ్నీలో, టూంగాబీలో ముందిల్లు ఆయనది, వెనక పెరట్లో చిన్న గ్రానీ ఫ్లాట్ అద్దెకి మాది. ముప్పయ్యేళ్లు ఒక బ్యాంకులో కంప్యూటర్లు చూసి కిందటేడు రిటైరయ్యారు. ఇక మిగిలిన జీవితం సంగీతానికే అన్నారు. సంగీతానికి అంటే సంగీతం వినే సామానుకి అని మాకు ఇవాళ అర్థమైంది.

ధర భార్య ఆండాళ్ ఆంటీకి ఒకటి చెప్పారు, మాకొకటి చెప్పారు. రెండిట్లో ఏదీ బిల్లు మీద లేదు. సుబ్బు హారిస్ పార్కులో స్వీట్ షాపులో చేస్తాడు కాబట్టి వాడి లెక్కలన్నీ కేజీల్లో ఉంటాయి. ఈ డబ్బుతో టూంగాబీ మొత్తానికి ఏడాదిపాటు మైసూర్‌పాకు పంచొచ్చని తేల్చాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఉదయం పదకొండింటికి అంకుల్ హాల్లో లిజనింగ్ సెషన్. మామూలు మనుషులు దీన్ని పాట వినడం అంటారు.

నియమాలు కఠినం. కార్పెట్ మీద టేపు ముక్కతో గుర్తు పెట్టారు, కుర్చీ సరిగ్గా దాని మీదే ఉండాలి. ఫోన్ ఆఫ్. నోట్లో ఏమీ నమలరాదు. స్పీకర్లకి దుమ్ము పట్టకూడదని ఆంటీ పట్టుబట్టినందుకు ముందున్న నల్లగుడ్డ తొడుగులు మాత్రం తియ్యరు. ఎదురుగా గోడకి వెంకటేశ్వరస్వామి పటం. ఎడమవైపు స్పీకరు, దాని పక్కన వంటింటి తలుపు. కుడివైపు స్పీకరు, దాని పక్కన కిటికీ.

ఎప్పటిదో కచేరీ రికార్డింగు పెట్టారు. ఒకావిడ కాంభోజి పాడుతోంది. మంచి సిస్టమ్ అయితే కళ్లు మూసుకున్నవాడికి కూడా గాయని ఎక్కడ నిలబడి పాడుతోందో తెలుస్తుందిట. ఆవిడెక్కడుందో చెప్పమన్నారు. నేను చిత్తశుద్ధితో కళ్లు మూసుకుని, చిత్తశుద్ధితో కిటికీ పక్కన అన్నాను.

బిరియానీ తిని ఉప్మా బాగుందన్నవాణ్ణి చూసినట్టు చూశారు. ఆవిడ సరిగ్గా స్వామి పటం కింద ఉందిట. వంటింట్లోంచి ఆంటీ కూడా మధ్యలోనే ఉందని సాక్ష్యం చెప్పింది. ఆంటీ అసలు మా వైపు చూడనైనా లేదు.

ఇందుమూలముగా నమోదు చేయునది: ఖరీదైన హైఫై అనేది ఒక మతం. డబ్బు పోశాక గాయని మధ్యకి రాకపోతే ఇంట్లో మర్యాద దక్కదు కాబట్టి అందరికీ మధ్యలోనే కనిపిస్తుంది. నేను నాస్తికుణ్ణి. నాకు కిటికీ దగ్గరే కనిపించింది.

ఆగస్టు 5, మంగళవారం

వచ్చేసింది. ట్రైనీ గార్డు ఉద్యోగం. ట్రైను వెనకపెట్టెలో నిలబడి తలుపులు వేసేవాడు. మూడు రౌండ్లు ఇంటర్వ్యూలయ్యాయి, ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది, సెప్టెంబరు రెండున.

నేను ఇక్కడ మాస్టర్స్ చేశాను. నాలుగేళ్లుగా వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలు స్కాన్ చేస్తున్నాను. పెట్టెలకి నా డిగ్రీ అంటే ఎంతో గౌరవం, ఒక్కటీ ఎదురు మాట్లాడదు. ఇక చాలు.

అమ్మకి వీడియో కాల్ చేశాను. గవర్నమెంటు ఉద్యోగమేనా అని అడిగింది. దాదాపు అంతే అన్నాను. ఏడ్చింది. నేను చేతిలో పచ్చజెండా ఊపుతానని నమ్ముతోంది. నమ్మనిచ్చాను.

మెడికల్ ఫారం పదకొండు పేజీలు. జలుబు తప్ప నాకు చరిత్రే లేదు.

ఆగస్టు 8, శుక్రవారం

ఆంటీ వరలక్ష్మీ వ్రతం. పులిహోర, పూర్ణం బూరెలు. అంకుల్‌ని తమలపాకుల కోసం హారిస్ పార్కుకి తోలేసింది.

ఖాళీ ప్లేటు తిరిగివ్వడానికి వెళ్తే ఆంటీ హాల్లో ఉంది. చేతిలో గంధం గిన్నె. కుడి స్పీకరు నల్లగుడ్డ సర్దుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి, దుమ్ము దులుపుతున్నానంది. గంధంతో దుమ్ము ఎవరు దులుపుతారని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. ఆరు బూరెలు తిన్న కడుపులో అనుమానానికి చోటుండదు.

ఆగస్టు 10, ఆదివారం

సెషన్ నంబర్ టూ.

నవ్వుకోవడానికి వెళ్లాను. అదే కుర్చీ, అదే కాంభోజి. కళ్లు మూసుకున్నాను.

ఆవిడ మధ్యలో ఉంది.

ఇది జోక్ కాదు. ఆవిడ నా ముక్కుకి సూటిగా, స్వామి పటం కింద, ఆరడుగుల దూరంలో నిలబడి పాడింది. ఊపిరి తీసుకోవడం వినపడింది. వెనకాల తంబురా దుప్పటిలా పరుచుకుంది. నా జన్మలో పాట నాకెప్పుడూ ఎదురుగా నిలబడలేదని తెలిసింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఒక నాస్తికుడి వెంట్రుకలు.

కళ్లు తెరిచి మతం పుచ్చుకుంటానని చెప్పబోయాను. అంకుల్ మొహం మాడిపోయి ఉంది. ఏదో తేడాగా ఉందన్నారు. ఆవిడ వంటింటి వైపు జరిగిపోయిందిట.

ఆగస్టు 11, సోమవారం

లంచ్ బ్రేక్‌లో సెకండ్‌హ్యాండ్ ఆంప్లిఫయర్ల ధరలు చూశాను. దేవుడా.

ఆగస్టు 16, శనివారం

వారమంతా అంకుల్ కేబుళ్లు మార్చారు, ఆంప్లిఫయరుతో మాట్లాడారు, భోజనం సగంలో లేచి వెళ్లి విన్నారు. నిన్న సాయంత్రం మెల్లిగా నాతో అన్నారు, లోపం సామాన్లో ఉందో తన వయసులో ఉందో తెలియడం లేదని. ఆయన అరవై ఎనిమిదేళ్ల గొంతులో అంత భయం నేను ముందెప్పుడూ వినలేదు.

అందుకని శాస్త్రీయ పరీక్ష పెట్టాను. నలుగురికీ తలో చీటీ. ఒక్కొక్కరు వచ్చి టేపు గుర్తు మీద కూర్చుని, కళ్లు మూసుకుని విని, ఆవిడెక్కడుందో రాసి మడిచి దేవుడి దగ్గర పెట్టాలి.

అంకుల్: ఎడమ. ఆంటీ: ఎడమ. సుబ్బు: ఎడమ, ఇంకా టిఫిన్ ఎప్పుడు. నేను: మధ్య.

సైన్సులో ఓటింగు లేదని వాదించాను. వేర్‌హౌస్ గోలకి నా చెవులు కాస్త మొద్దుబారి ఉంటాయేమోనని సుబ్బు అన్నాడు. వాడి దృష్టిలో ప్రపంచ సమస్యలన్నిటికీ మూలం నా వేర్‌హౌసే.

అంకుల్ షాపుకి ఫోన్ చేశారు. చీటీలు చూశాక ఆయన మొహంలో రంగు తిరిగొచ్చింది. లోపం ఆయనలో లేదు.

ఆగస్టు 20, బుధవారం

షాపు టెక్నీషియన్ వచ్చాడు. నాకు నైట్ షిఫ్టు, అందుకని నేనూ ఉన్నాను. కుడి స్పీకరు నల్లగుడ్డ తీశాడు.

పైన, సన్న స్వరాలు పలికే చిన్న గుండ్రానికి ముందున్న లోహపు జల్లెడ మీద, రూపాయి బిళ్లంత గంధం. మధ్యలో కుంకుమ. ఎండి గట్టిపడి రంధ్రాలన్నీ మూసేసింది.

టెక్నీషియన్ కిందకి వంగి, ఇది మస్టర్డా అని అడిగాడు.

అంకుల్ ఆంటీ వైపు చూశారు. ఆంటీ కిటికీ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కారుకి పెడతాం, కుక్కరుకి పెడతాం, ఇంత పెద్ద వస్తువు లక్ష్మి రోజున ఉత్త మొహంతో ఉంటే ఎలా అనిపించిందిట. ముందే అడిగితే వద్దంటారని అడగలేదుట. రెండూ కలిపి ఒక జంటే కదా, కుడిదానికి పెడితే చాలనుకుందిట.

అతను మెత్తటి బ్రష్షుతో అరగంట శుభ్రం చేశాడు. పాట పెట్టాడు. అంకుల్ నిట్టూర్చి మధ్య అన్నారు. ఆంటీ మధ్య అంది. టెక్నీషియన్‌కి కాంభోజి అంటే ఏంటో తెలీదు, అతను కూడా మధ్య అన్నాడు.

నాకు ఆవిడ తిరిగి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అర్థం కావడం లేదు. బాగున్న స్పీకరు నాకు బాగోలేదు. బొట్టుపెట్టి పాడుచేసిన స్పీకరు నాకు స్వర్గం. అయితే నాకు నచ్చింది హైఫైనా, గంధమా?

ఆగస్టు 21, గురువారం

అంకుల్ వాకింగ్‌కి వెళ్లారు. ఆంటీ పర్మిషన్‌తో పాట పెట్టుకున్నాను. ఎందుకు తోచిందో తెలీదు, కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాను, స్పీకర్లకి వీపు పెట్టి.

ఆవిడ నిజంగా కిటికీ దగ్గర ఉంటే, నేనెటు తిరిగినా కిటికీ దగ్గరే ఉండాలి. ఉండలేదు. వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది. మళ్లీ ముందుకి తిరిగాను. కిటికీ. వెనక్కి. వంటిల్లు. అయిదుసార్లు తిరిగాను. ఇది ఏ ఆసనమని ఆంటీ అడిగింది.

పాట గదిలో ఏ మూలా లేదు. నా కుడి చెవి వెంట దూడలా తిరుగుతోంది.

కుడి చెవిలో వేలు పెట్టుకుని ఎడమ చెవితో మాత్రమే విన్నాను. ఆవిడ పాడుతూనే ఉంది. తంబురా లేదు. ఊపిరి లేదు. స-లు, శ-లు లేవు. పక్కింట్లో ఎవరో పరుపు కింద పాడుతున్నట్టుంది.

ఆ బొట్టు కుడి స్పీకరుని, నా ఎడమ చెవి ఎంత మొద్దో సరిగ్గా అంత మొద్దు చేసింది. అంకుల్‌కి స్పీకరు పాడైంది. నాకు తూకం కుదిరింది.

మెడికల్‌కి పన్నెండు రోజులు.

ఆగస్టు 22, శుక్రవారం

గుబిలి అయ్యుంటుంది.

ఆగస్టు 23, శనివారం

చెవిలో బోలెడంత గుబిలి ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ క్లినిక్ బయట కూర్చున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. దొరికితే వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ అనుకున్నాను.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. చాలా శుభ్రమైన చెవి అని మెచ్చుకుంది.

ఆగస్టు 28, గురువారం

వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు దగ్గర గాజుగది. హెడ్‌ఫోన్స్. బీప్ వినపడితే బటన్ నొక్కాలి. కుడి చెవికి టకటకా నొక్కాను. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మిషన్ ఆగిందేమోనని అద్దంలోంచి ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెయ్యి కదులుతూనే ఉంది. బీప్‌లు వస్తూనే ఉన్నాయి.

కాగితం మీద కుడి చెవి గీత బల్లలా ఉంది. ఎడమ చెవిది సగందాకా బల్లలా వచ్చి జారుడుబండ అయింది. చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా అని అడిగింది. మూడో తరగతిలో గవదబిళ్లలు. అందువల్ల అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేమంది. మూడో తరగతి నుంచీ అయితే, ఇన్నేళ్లూ ప్రపంచం నాకు కిటికీ పక్కనే నిలబడి పాడింది. అది మధ్యలో ఉండాలని తెలిస్తే కదా అడగడానికి.

క్లాసులో ఎప్పుడూ ఎడమ చివర కూర్చునేవాణ్ణి. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే. అది నా స్టయిల్ అనుకున్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

నీలిమ. కిందటి డిసెంబరులో నన్నొదిలి వెళ్లిపోయింది. తను చెప్పేది నేనసలు వినననేది ఆమె ఏకైక ఫిర్యాదు. ఇద్దరం మాట్లాడుకునేది ఎక్కువ కార్లోనే. నేను డ్రైవింగు. తను ఎడమ సీటు.

ఆ గీతల కాగితం, అదే ఆడియోగ్రామ్, ఫొటో తీశాను. పంపితే అది సారీనా, ఎవిడెన్సా?

పంపలేదు.

ఆగస్టు 31, ఆదివారం

సెషన్‌కి రానని చెప్పడానికి వెళ్లి మొత్తం చెప్పేశాను. మెడికల్ సంగతి, కాగితం సంగతి, కుర్చీ తిప్పిన సంగతి. మధ్యలో రెండు జోకులు వేశాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఫారంలో వినికిడి ఇబ్బంది ఉందా అనే ప్రశ్నకి లేదని రాసెయ్యమని సుబ్బు ముందే సలహా ఇచ్చాడు. నెల క్రితం నిజంగానే లేదు కదా అని వాడి లాజిక్. అంకుల్‌ని అడిగాను. ట్రైను కదిలేటప్పుడు ఎడమవైపు నుంచి ఎవరైనా అరిస్తే నీకు వినపడుతుందా అని తిరిగి అడిగారు, అంతే. ఏం రాయాలో చెప్పలేదు.

బొట్టు సంగతి బయటపడ్డప్పటి నుంచి ఆంటీ హాల్లోకి రావడమే తగ్గించింది. ఇవాళ వచ్చి నా కుడివైపు కూర్చుంది. కావాలని కుడివైపు.

"ఆ బొట్టు ఉన్నన్నాళ్లూ నీకు మధ్యలో వినపడిందా నాన్నా?"

అవునన్నాను. ఆంటీ అంకుల్ వైపు చూసింది. అంకుల్ స్పీకరు వైపు చూశారు.

సెప్టెంబరు 2, మంగళవారం

ఉంది అని రాశాను. పెన్ను రెండుసార్లు ఆగింది.

స్పెషలిస్టు రిపోర్టు కావాలన్నారు, నిర్ణయం లెటర్లో వస్తుందన్నారు. ఉద్యోగం రావచ్చు, పోవచ్చు. అమ్మకి ఇంకా చెప్పలేదు. పచ్చజెండా ఊపుతూనే ఉన్నాను.

ఇంతకీ ఆ స్పీకర్లు డబ్బుకి తగ్గవేనా అని సుబ్బు అడిగాడు. నా అయిదు డాలర్ల ఇయర్‌ఫోన్స్ ఇన్నేళ్లలో చెప్పని విషయం అవి చెప్పాయి. కాదు, చెప్పింది గంధం. కాదు. తెలీదు.

సెప్టెంబరు 7, ఆదివారం, ఉదయం పదకొండు

టేపు గుర్తు మీద కుర్చీ నాకిచ్చారు. కుడి స్పీకరుకి నల్లగుడ్డ లేదు. జల్లెడ మీద గంధం, మధ్యలో కుంకుమ. ఇంకా తడిగానే ఉంది.

పెట్టింది ఆంటీ కాదు. అంకుల్ వేలికి ఎరుపు అంటుకుని ఉంది.

ఆవిడ మధ్యలో నిలబడింది.

అంకుల్ తన కుర్చీ కిటికీ వైపు, కుడి స్పీకరుకి దగ్గరగా, రెండడుగులు జరుపుకుని, కళ్లు మూసుకున్నారు.