కళ్లు మూసుకుని కొన్న కాగితాలు

వదినా,

ఈ ఉత్తరం వెనకాలే క్రిస్మస్ బహుమతుల పార్సిల్ వస్తుంది. ఏ పొట్లం మీది కాగితమూ మార్చకు. అందంగా లేవని అసలే మార్చకు. షాపులో కళ్లు మూసుకుని, తడిమి తడిమి కొన్నాను. షాపతను నన్ను ఎగాదిగా చూశాడు. అన్నయ్యది నున్నటి కాగితం, నీది చారలు చేతికి తగిలేది, అమ్మది గరుకుది.

పోయినేడు నాన్న పేర్లు చదివి పంచుతూ అమ్మ శాలువా అన్నయ్యకి ఇచ్చాడు. మనందరం పడీ పడీ నవ్వాం. అది వేళాకోళం కాదు వదినా, ఆయన కళ్లకి అక్షరాలు ఆనడం లేదు. అమ్మ బెంగపెట్టుకుంటుందని, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి నీకు చెప్తున్నాను.

ఎవరిది ఏ కాగితమో ఫోన్‌లో ఆయనచేత వల్లె వేయించాను. అయినా పంచేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఎవరైనా రంగుల ఊసెత్తితే మాట మార్చెయ్యి.

ఇది రాస్తుండగానే అమ్మ ఫోన్ చేసింది. "రంగు ఏదైనా సరేగానీ, చేతికి తెలిసే కాగితాలు చూడవే. నేను చెప్పానని మీ నాన్నకి తెలియనివ్వకు" అంది.

తనూ ఒట్టేయించుకుంది.

నీ ఆడపడుచు